నిలువురాళ్ళ నీడలు, సప్తర్షుల గుంటలు

శ్రీరంగాపురం రంగనాయకస్వామి గుడి చరిత్ర అడిగితే వనపర్తి సంస్థానాధీశుల పేర్లు వెంటనే వినబడతాయి. రంగసముద్రం చెరువుకూ అంతే. అక్షరం తెలిసిన కాలపు కట్టడాలకు ఆ భాగ్యం ఉంది. కట్టించినవారి పేరు కట్టడంతో పాటు బ్రతుకుతుంది. అయితే అదే కృష్ణానది వెంబడి ఎగువకు సాగి, గద్వాలను, జూరాల ఆనకట్టను దాటి ఇంకా పైకి వెళితే, నది ఒడ్డున ముడుమాల్ అనే గ్రామం వస్తుంది. అక్కడ రాజు పేరు గానీ, శాసనం గానీ, లిపి గానీ లేని కట్టడం ఒకటి ఉంది. దాన్ని నిలబెట్టినవారు తమ గురించి ఒక్క ముక్క కూడా వ్రాసిపెట్టలేదు. వారు ఏమి తెలిసినవారో ఆ రాళ్ళనే అడగాలి. ఆ అడగడం ఎలాగన్నదే ఈ వ్యాస విషయం.

ఒకనాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఈ ఊరు 2019 నుండి నారాయణపేట జిల్లాలో ఉంది. సుమారు ఎనభై ఎకరాల నేలలో, పన్నెండు నుండి పద్నాలుగు అడుగుల ఎత్తు గల నిలువురాళ్ళు ఎనభై దాకా ఉన్నాయి. వాటి చుట్టూ, మధ్యలో, వరుసలు తీర్చినట్లు వేల సంఖ్యలో చిన్న గుండ్లున్నాయి. ఊరివారు వీటిని నిలురాళ్ళు అంటారు. కొన్నిటికి నేటికీ పూజలందుతున్నాయి.

ఇటువంటి రాళ్ళ మీద పండితుల చూపు పడటం కొత్త కాదు. పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలంలో సురపురంలో బ్రిటిషు అధికారిగా ఉన్న మెడోస్ టేలర్ ఆ చుట్టుపట్ల రాతి సమాధుల గురించి, రాతి వరుసల గురించి వ్రాశాడు. 1956లో, అంటే హైదరాబాదు రాష్ట్రం రద్దయిన ఏడే, పురావస్తు శాస్త్రవేత్త ఎఫ్. ఆర్. ఆల్చిన్ దక్షిణ హైదరాబాదు ప్రాంతపు శిలా పంక్తుల మీద ఒక వ్యాసం ప్రకటించాడు. ఆ తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆచార్యులు కె. పి. రావు ముడుమాల్ రాళ్ళను శ్రద్ధగా పరిశీలించి, వీటికి ఆకాశంతో సంబంధం ఉన్నదని ప్రతిపాదించారు. 2011లో బెంగుళూరు భారతీయ తారాభౌతిక సంస్థకు చెందిన ఎన్. కామేశ్వరరావు, ప్రియా ఠాకూర్, యోగేశ్ మల్లినాథ్‌పూర్ కలసి, ముడుమాల్‌ను ఆనుకొని ఉన్న మురహరిదొడ్డి పేరుతో ఈ నిలురాళ్ళ మీద ఒక పరిశోధన పత్రం వెలువరించారు. 2025 మార్చిలో ఈ స్థలం యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. అది తుది గుర్తింపు కాదు, గుమ్మం మాత్రమే.

ఇక ప్రతిపాదన ఏమిటో చూద్దాము. అది రెండు పాయలు. మొదటిది: రాళ్ళ వరుసలు కొన్ని విషువత్తులనాడు, ఆయనాంతాలనాడు సూర్యుడు ఉదయించే, అస్తమించే దిక్కులకు గురిపెట్టి ఉన్నాయి. రెండవది: ఒక రాతి మీద చెక్కిన సుమారు ముప్పది గుంటలు సప్తర్షి మండలాన్నీ, దాని పరిసర నక్షత్రాలనూ చూపుతున్నాయి, పై రెండు గుంటలను కలిపి గీత గీస్తే అది ధ్రువ నక్షత్రం వైపు పోతుంది.

వినగానే మనసు ఉప్పొంగుతుంది. అందుచేతనే కాస్త ఆగాలి. 1963లో జెరాల్డ్ హాకిన్స్ అనే ఖగోళ శాస్త్రవేత్త కంప్యూటరు సాయంతో ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్ ఒక వేధశాల అని ప్రకటించినప్పుడు, ఆ స్థలాన్ని త్రవ్విన రిచర్డ్ అట్కిన్సన్ 1966లో ఘాటుగా ఖండించాడు. లెక్క సరిగా ఉన్నంత మాత్రాన కట్టినవారి ఉద్దేశం కూడా అదేనని తేలదు. ఆ వివాదం నేర్పిన పాఠం మనకూ వర్తిస్తుంది.

ఎనభై రాళ్ళున్నచోట రెండేసి రాళ్ళను కలుపుతూ 3,160 గీతలు గీయవచ్చు. సూర్యుని ముఖ్య దిక్కులను అక్షాలుగా తీసుకుంటే మూడు: తూర్పు పడమరల గీత ఒకటి, ఆయనాంతాల గీతలు రెండు. ఒక్కొక్కదానికి అటు ఒక డిగ్రీ, ఇటు ఒక డిగ్రీ సడలింపు ఇస్తే, 180 డిగ్రీలలో ఆరు డిగ్రీలు మనకు అనుకూలం, అంటే ముప్పదవ వంతు. కళ్ళు మూసుకొని రాళ్ళు పాతినా సుమారు నూట అయిదు గీతలు సూర్యునికి గురి కుదురుతాయన్న మాట! కనుక ఏవో రెండు రాళ్ళను చూపించి "ఇదిగో ఉత్తరాయణం" అంటే చాలదు. ఒకే దిక్కుకు అనేక రాళ్ళు వరుసగా నిలిచి ఉండాలి. 2011 పత్రం బలమల్లా అక్కడే ఉంది. అది విడి జతలను కాక వరుసలను కొలిచింది, రాళ్ళ అమరిక యాదృచ్ఛికం కాదని వాదించింది.

ఆ పత్రంలో నాకు మిక్కిలి నచ్చిన మాట నీడలను గురించినది. ఈ రాళ్ళ నీడలతో ఒక రోజుకన్న చిన్న కాలఖండాలను కూడా కొలవవచ్చునని రచయితల భావన. ముడుమాల్ సుమారు 16.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ ఏటా రెండు మార్లు, మే మొదటి వారంలోను, ఆగస్టు మొదటి వారంలోను, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారైన స్తంభానికి ఆ క్షణాన నీడ ఉండదు. ఆ రెంటి నడుమ మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది, మిగతా ఏడాది అంతా ఉత్తరానికి. ఇంగ్లండులో సూర్యుడు ఎన్నడూ నడినెత్తికి రాడు. వానాకాలపు దుక్కికి సిద్ధపడే రైతుకు నీడ మాయమయ్యే రోజు ఎంత చక్కని గుర్తో వేరే చెప్పనక్కరలేదు. ఈ రాళ్ళను అందుకే పాతారని కాదు. పాతినవారు గమనించకుండా ఉండటం మాత్రం కష్టం.

సప్తర్షుల మాట అంత తేలిక కాదు. భూమి అక్షం బొంగరం వలె మెల్లగా తిరుగుతూ సుమారు 26,000 ఏళ్ళకొక చుట్టు పూర్తి చేస్తుంది. నేడు మనం ధ్రువుడంటున్న నక్షత్రం మూడు వేల ఏళ్ళ క్రితం ఉత్తర ధ్రువ బిందువు నుండి పదహారు డిగ్రీలకు పైగా దూరంలో ఉండేది. సప్తర్షుల మొదటి రెండు చుక్కల గీత నేటి ధ్రువుని చూపుతుంది గానీ నాటి ధ్రువ బిందువును సూటిగా తాకదు. కనుక ఆ గుంటలు సప్తర్షులే కావచ్చు. ఎన్నడూ అస్తమించని చుక్కకు దారి చూపడానికి చెక్కారనడానికి మాత్రం ఈ గీత సాక్ష్యం కాజాలదు. పైగా గుంటలున్న రాళ్ళు దక్కనులో ఇంకా ఉన్నాయి. ముప్పది గుంటలలో ఏడింటిని ఏరుకునే స్వేచ్ఛ చూసేవానిది.

కాలనిర్ణయం మరొక చిక్కు. ముడుమాల్ రాళ్ళ వయసు 3,500 నుండి 4,000 ఏళ్ళని యునెస్కోకు సమర్పించిన వివరణ చెబుతోంది. దక్షిణాదిలో బృహత్ శిలలను సాధారణంగా ఇనుప యుగానికి ముడిపెడతారు. రాయి వయసు రాయిని పాతిన వయసు కాదు. పాతిన గోతిలో బొగ్గు దొరికితే కర్బన పరీక్ష చేయవచ్చు. అడుగు మట్టి చివరిసారి వెలుతురు చూసినది ఎప్పుడో కాంతి పరీక్షతో అంచనా కట్టవచ్చు. రెంటికీ మట్టి కదలకుండా ఉండాలి.

అసలు భయం అక్కడే. పెద్ద నిలువురాయిని ఎవరైనా గుర్తిస్తారు, దండం కూడా పెడతారు. మోకాలెత్తు గుండు పొలం చదును చేసేవారికి అడ్డు, గోడ కట్టుకునేవారికి సరుకు. కానీ పై లెక్క ప్రకారం సాక్ష్యం పెద్ద రాళ్ళలో లేదు, చిన్న గుండ్ల వరుసలలో ఉంది. వరుస నుండి పది గుండ్లు తీసివేస్తే, ఇక ఆ వాదాన్ని నిరూపించడమూ కుదరదు, ఖండించడమూ కుదరదు. "ప్రపంచంలోనే మొదటిది" అనే కీర్తనల కన్న, ఒక్కొక్క గుండుకూ అంకె వేసి పటం గీయడం ముఖ్యమని నా నమ్మకం.

దేశమంతటా ఆనకట్టలకు రాళ్ళెత్తిన పాలమూరు కూలీల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. ఈ రాళ్ళను నిలబెట్టినవారూ ఆ కోవకే చెందుతారు. వారికి లేని జ్ఞానాన్ని అంటగట్టడం గౌరవం కాదు, ఉన్న జ్ఞానాన్ని పోగొట్టడం అంతకన్న కాదు. మిత్రులలో ఎవరైనా అటు వెళ్ళడం జరిగితే మే మొదటి వారం మధ్యాహ్నం ఎంచుకోండి. ఎండ మండిపోతుంది, నిజమే. కానీ పద్నాలుగడుగుల రాయి నీడ దాని మొదట్లోకే ముడుచుకుపోవడం చూడవచ్చు.