సీడెడ్‌లో విత్తనం లేదు

డోన్ స్టేషన్ బోర్డు మీద ఇంగ్లీషు రాతలో డి పక్కన ఒక హెచ్, చివర ఒక ఇ ఉంటాయి. అక్షరాలను నమ్ముకున్న కొత్తవాడు ‘ధోనే’ అని పలుకుతాడు. ఊరివాళ్లకు అది డోన్, పెద్దవాళ్లకు ద్రోణాచలం. స్పెల్లింగు ఎలా ఉన్నా ఎక్కాల్సిన రైలు ఎక్కేస్తారు. స్పెల్లింగు చూసుకోవాల్సిన మాట వేరే ఉంది.

పెద్ద హీరో సినిమా విడుదలైన మర్నాడు ‘నైజాంలో ఇంత, సీడెడ్‌లో ఇంత’ అని లెక్కలు మొదలవుతాయి. సీడెడ్ అంటే రాయలసీమ అని అందరికీ తెలుసు. ఎందుకని అడిగితే ‘సీడు అంటే విత్తనం కదా’ అనేవాళ్లున్నారు. నంద్యాల చుట్టూ పత్తి విత్తనాల వ్యాపారం చూసినవాడికి అది నిజమనిపించినా ఆశ్చర్యం లేదు. అందుకే ఇంగ్లీషులో రాసేటప్పుడు ఎస్-ఇ-ఇ-డి-ఇ-డి అని రాసేస్తుంటారు. రాయాల్సింది సి-ఇ-డి-ఇ-డి. చెవికి రెండూ ఒకటే, తెలుగు లిపిలోనూ ఒకటే. తెలుగులో ఉన్నంతసేపు తప్పు దాక్కుంటుంది, ఇంగ్లీషులోకి తిరిగి వెళ్లగానే దొరికిపోతుంది.

టెన్నిస్‌లో సీడెడ్ ఆటగాడు అంటారే, అది విత్తనం సంతానమే. మనది వేరే వంశం. లాటిన్‌లో ‘కేదెరె’ అంటే తప్పుకోవడం, వదులుకోవడం. దాన్నుంచి వచ్చిన ఇంగ్లీషు మాటకు రాజ్యాల వ్యవహారంలో అర్థం, ఒప్పందం రాసి ఒక సీమను మరొకరికి ధారపోయడం.

ధారపోసినవాడు నిజాం అలీఖాన్. మైసూరు యుద్ధాల్లో ఈస్టిండియా కంపెనీ పక్షాన నిలిచినందుకు 1792లో కొంత, టిప్పు పడిపోయాక 1799లో మరికొంత నేల ఆయన వాటాకు వచ్చింది. తన రాజ్యంలో కంపెనీ సైన్యాన్ని పోషించే ఖర్చు కింద 1800 అక్టోబరు 12న ఒప్పందం చేసుకుని ఆ నేలను కంపెనీకే అప్పగించాడు. తొమ్మిదేళ్లయినా అనుభవించలేదన్నమాట. బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలతో పాటు ఇప్పటి కర్నూలు, నంద్యాల జిల్లాల్లో చాలా పల్లెలు అలా చేతులు మారాయి. కర్నూలు నవాబు మాత్రం కప్పం కట్టుకుంటూ 1839 దాకా నెట్టుకొచ్చాడు.

ఈ కొత్త జిల్లాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడే ఉండి పాళెగాళ్లను అణిచాడు, రైత్వారీకి దారివేశాడు. తర్వాత మద్రాసు గవర్నరై, పాత జిల్లాలు చూసుకుందామని వచ్చి 1827 జులై 6న డోన్‌కు దగ్గర్లోని పత్తికొండలో కలరాతో చనిపోయాడు.

సీడెడ్ డిస్ట్రిక్ట్స్‌ను తెలుగులో ‘దత్త మండలాలు’ అన్నారు. మాటకు మాట సరిపోయింది కానీ, ఇచ్చేసిన వస్తువులమా మేము అన్న రోషం ఇక్కడివాళ్లకు ఉండేది. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభల్లో చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ అన్న పేరు ప్రతిపాదించారు. ఆయన ఉద్యోగం చేసింది అనంతపురంలోని సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీలో! పేరు మార్చమన్న మనిషి జీతం ఆ పాత పేరు మీదే వచ్చేది. తర్వాత కాలేజీ కూడా పేరు మార్చుకుంది. 1953లో బళ్లారి చాలామటుకు మైసూరు వైపు వెళ్లిపోయింది. అయినా సినిమా పంపిణీవాళ్లు పాత పేరు వదల్లేదు. నిజాం పాలన 1948లో పోయినా నైజాంను వదలనట్టే.

ఈ సీమలోనే, నొస్సం పాళెగాడైన తాత జయరామిరెడ్డి భరణాన్ని కంపెనీ ఆపేసిందన్న కోపం కూడా కలిసి 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీశారు. 2019లో ఆయన కథ ‘సైరా నరసింహారెడ్డి’గా తెరకెక్కింది. ఆయన సొంత గడ్డ మీద తెగిన టికెట్ల డబ్బును ట్రేడ్ వాళ్లు సీడెడ్ ఖాతాలో రాసుకున్నారు.