దూదిపెట్టె నుంచి నల్లకవరు దాకా

"మా మతంలో ముట్టూ అంటూ లేవండీ." ఈ మాట మనవాళ్లు ఎన్నిసార్లు అనలేదు? హిందూ మిత్రుల ముందు, సభల్లో, టీ కొట్ల దగ్గర కాస్త గర్వంగానే అంటారు. అనేది ఎక్కువగా మగవాళ్లు. అది అబద్ధం కాదు. అలాగని నిజం మొత్తమూ కాదు. గ్రంథంలో ఉన్నదొకటి, ఇంట్లో జరిగేది మరొకటి. ఈ రెంటి మధ్య మా ఆడవాళ్ల చరిత్ర నలిగిపోయింది. ఆ చరిత్ర ఎవరూ రాయలేదు. ఎందుకు రాయలేదంటే, సిగ్గు.

మాటల దగ్గర మొదలుపెడదాం. తెలుగులో ముట్టు అంటే తాకడం. తాకడం అనే మాటే తాకకూడదన్న అర్థంలో స్థిరపడింది. బయట చేరడం, దూరంగా ఉండడం, ఇవీ మనిషిని ఎక్కడ కూచోబెట్టాలో చెప్పే మాటలే. ఉర్దూలో 'కప్డోఁ సే హోనా' అంటారు, అంటే గుడ్డలతో ఉండడం. 'బేనమాజీ' అని కూడా అంటారు. అరబీలో హైజ్, ప్రవహించడం అనే ధాతువు నుంచి వచ్చిన మాట. ఒక భాష తాకడాన్ని చూసింది. ఒకటి గుడ్డను చూసింది. ఒకటి ఉన్నదున్నట్టు చెప్పింది. ఈ భాషలన్నీ నోట్లో ఉన్న మేము మాత్రం దేంట్లోనూ మాట్లాడకుండా పెరిగాం.

ఇప్పుడు ఏడో శతాబ్దపు మదీనాకు పోదాం. ఆనాడు అక్కడి యూదు కుటుంబాల్లో బహిష్టు స్త్రీతో కలిసి తినేవారు కాదు. మరి మనం ఏం చెయ్యాలని సహాబాలు ప్రవక్తను అడిగారు. ఖురాన్ రెండో సూరాలోని 222వ ఆయతు ఆ ప్రశ్నకు జవాబుగా వచ్చిందని హదీసులు చెబుతాయి. ఆ ఆయతు హైజ్‌ను 'అజా' అంది. బాధ, ఇబ్బంది అని కొందరు దానికి అర్థం చెప్పారు, మాలిన్యమని మరికొందరు. దాంపత్యం ఒక్కటి మినహా మిగతాదంతా మామూలేనన్నారు ప్రవక్త. మసీదులోని చాప అందించమంటే హజ్రత్ ఆయెషా వెనకాడారు. హైజ్ ఆమె చేతిలో లేదు కదా అని ఆయన ఆ సందేహం తీర్చారు.

ఇంకో సంగతి ఉంది. హైజ్ ఆగిందో లేదో తేల్చుకోలేని స్త్రీలు చిన్న పెట్టెలో దూది పెట్టి ఆయెషా దగ్గరికి పంపేవారు. దూది మీద పసుపు మరక కనబడితే, తెల్లగా అయ్యేదాకా తొందరపడొద్దని ఆమె చెప్పి పంపేవారు. అడగడానికి సిగ్గుపడని అన్సారీ స్త్రీలను ఆమె మెచ్చుకున్నారు. పద్నాలుగు వందల ఏళ్ల కింద మరక పడిన దూది పెట్టెలో పెట్టి పంపగలిగారు. ఈనాడు కొత్త ప్యాడ్ల ప్యాకెట్‌ను కొట్టువాడు పేపర్లో చుట్టి, నల్లకవర్లో వేసి, ఎటో చూస్తూ చేతికిస్తున్నాడు. దీన్ని ఏమనాలి?

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ ఉర్దూలో 'బహిష్తీ జేవర్' రాశారు. పెళ్లికూతురి సామానుతో పాటు పంపిన పుస్తకమది. హైజ్ తక్కువలో తక్కువ మూడు రోజులు, ఎక్కువలో ఎక్కువ పది రోజులన్న హనఫీ లెక్కలు అందులో దాపరికం లేకుండా ఉన్నాయి. చదివినవాళ్లు లెక్కలు నేర్చుకున్నారు గాని నోరు విప్పడం నేర్చుకోలేదు. ఉర్దూ రాని దూదేకుల ఇళ్లకు, పల్లెల్లో తెలుగే బతుకైన సాయిబుల ఇళ్లకు ఆ పుస్తకమూ చేరలేదు. వాళ్లకు నియమాలు ఇరుగుపొరుగు నుంచి వచ్చాయి. ఆ రోజుల్లో పీర్ల చావిడి వైపు పోవద్దు, దర్గా గడప తొక్కొద్దు, పచ్చడి జాడీ ముట్టొద్దు. అంటు లేదన్న మతంలోకి అంటు పెరటిదారిన వచ్చింది.

రంజాన్ నెల చూడండి. ఆ రోజుల్లో నమాజు మాఫీ. రోజా ఉండకూడదు, తర్వాత ఉండి లెక్క తీర్చాలి. ఆడమనిషి ఒంటికి ఇది వెసులుబాటు. మరి మన ఇళ్లల్లో జరిగేదేమిటి? అబ్బాజాన్‌కు, అన్నదమ్ములకు తెలిసిపోతుందని అందరితోపాటు సహెరీకి లేస్తారు. పగలు వంటింటి తలుపు చాటున గుక్కెడు నీళ్లు తాగి మూతి తుడుచుకుంటారు. దేవుడిచ్చిన సెలవును మనుషులకు భయపడి దాచుకోవడం కాదా ఇది?

అంటు సంగతి ఇలా ఉంటే గుడ్డ సంగతి ఇంకా హీనం. అంటు గురించి వాదించినవాళ్లు ఉన్నారు. గుడ్డ గురించి ఎవరు వాదించారు? పాత చీర పేలికలు, చిరిగిన దుపట్టాలు మడిచి వాడుకున్నారు. ఉతికి ఎండలో ఆరేస్తే ఏ హానీ లేదు. ఎండలో ఆరేస్తే కదా! పాతబస్తీలో ఒక్క గది ఇళ్లకు వాకిలీ లేదు, పెరడూ లేదు. మంచం కింద, వేరే బట్టల చాటున చెమ్మ ఆరీ ఆరని గుడ్డే మళ్లీ వాడాలి. ఊరందరి పరుపులకు దూది ఏకిచ్చిన దూదేకుల ఇంట్లోనూ ఆడవాళ్లకు మిగిలింది పాత పేలికే.

ప్యాడ్ పుట్టింది ఆడవాళ్ల కోసం కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయిల గాయాల కట్టుకు కలపగుజ్జుతో ఒక దూది తయారుచేశారు. నర్సులు దాన్ని తమకు వాడుకున్నారు. ఆ తర్వాత 1920లో అమెరికాలో అదే 'కోటెక్స్' అనే సరుకైంది. పేరు చెప్పి అడగడానికి ఆడవాళ్లు సిగ్గుపడుతున్నారని, డబ్బులు డబ్బాలో వేసి ప్యాకెట్ తీసుకుపొమ్మని కొట్లలో ఏర్పాటు చేశారు. సిగ్గు మనొక్కరిదే కాదన్నమాట. అది మన దేశానికొచ్చాక టీవీలో నీలం నీళ్లు పోసి చూపించారు. ఎర్రరంగు చూపడానికి ధైర్యం చాల్లేదు.

2017 జులైలో జీఎస్టీ వచ్చింది. కుంకుమకు, బొట్టుబిళ్లకు, గాజులకు పన్ను లేదు. ప్యాడ్లకు పన్నెండు శాతం! ఆడవాళ్లు దేశమంతా నిలదీశాక 2018 జులైలో తీసేశారు. అంతకు ముందు 2011లో ఆశా కార్యకర్తల ద్వారా ఆరు రూపాయలకు ఆరు ప్యాడ్లిచ్చే పథకం మొదలైంది. 2019లో జన్ ఔషధి కొట్లలో ఒక్కోటి రూపాయికి దించారు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'స్వేచ్ఛ' పేరిట సర్కారు బడుల్లో ఏడు నుంచి పన్నెండు తరగతుల ఆడపిల్లలకు నెలకు పది చొప్పున ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. కోయంబత్తూరు మురుగానందం తక్కువ ఖర్చు యంత్రం తయారుచేసి 2016లో పద్మశ్రీ అందుకున్నాడు. ఇవన్నీ మంచి పనులే. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 24 ఏళ్ల ఆడపిల్లల్లో సగం మంది గుడ్డ కూడా వాడుతున్నారు. ఆ గుడ్డ ఎండ చూస్తున్నదా లేదా అన్నది సర్వే లెక్కకు అందేది కాదు.

అదే సర్వేలో మన తెలుగువాళ్లం తలదించుకోవాల్సిన లెక్క మరొకటుంది. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో మూడు శాతం దగ్గర ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిది, తెలంగాణలో ఎనిమిది. ఎక్కువమంది చెప్పిన కారణం విపరీతమైన రక్తస్రావం. రోగం ముదిరేదాకా ఎవరికీ చెప్పుకోలేని మనిషి చివరికి చేరేది ఆపరేషన్ బల్ల మీదికే. నోరు మూసుకోవడానికి ఇంత ధర చెల్లిస్తున్నాం. ఆ ధర చెల్లించడంలో బుర్ఖాకూ బొట్టుకూ తేడా లేదు.

2020 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని భుజ్‌లో ఒక కాలేజీ హాస్టల్లో నియమం తప్పారా అని 68 మంది ఆడపిల్లల లోదుస్తులు విప్పించి చూశారు. వాళ్లకు జరిగింది ఘోరం. దాన్ని ఖండించినంత గట్టిగా మన గడప లోపలి సంగతీ మాట్లాడాలి. సర్కారు బడిలో ఇచ్చే ప్యాకెట్ బడి మానేసిన పిల్లకు అందదు. నిజామాబాద్‌లో బీడీలు చుట్టే చేతులకు, లాడ్ బజార్ గాజుల పని చేసే చేతులకు నెలసరి సెలవు లేదు. ఆడపిల్లల మదర్సాల్లో ఎన్నింటికి గడియ పడే తలుపున్న మరుగుదొడ్డి, అందులో నీళ్లు, పారేయడానికి మూతబుట్ట ఉన్నాయో కమిటీలు వెళ్లి చూడాలి.

రంజాన్ వస్తే మన మహల్లాల్లో బీదల ఇళ్లకు రేషన్ కిట్లు పంచుతాం. బియ్యం, పప్పు, నూనె, ఖర్జూరాలు, సేమ్యా. ఆ సంచిలో రెండు ప్యాడ్ల ప్యాకెట్లు వెయ్యడానికి ఏ ఫత్వా అడ్డం? ఆ రోజుల్లో రోజా ఉండనక్కర లేదని జుమా ప్రసంగంలో ఇమాంసాబ్ మగవాళ్లకు ఒక్కసారి చెప్తే వంటింటి తలుపు చాటు నీళ్లు తప్పుతాయి. మా మతంలో అంటు లేదని పొరుగువాళ్లకు చెప్పే ముందు, కిట్లు సర్దే కుర్రాళ్లు ఆ ప్యాకెట్లను నల్లకవర్లో చుట్టకుండా బియ్యం పక్కన పెట్టాలి.