పిల్లి గాయములు – రక్తచికిత్స

బోధను పట్టణమే ప్రాచీన పోదనమనియు, అశ్మకుల రాజధాని యనియు చరిత్రకారు లనేకులు చెప్పుదురు. నేడు రాజులను విడిచి పిల్లులను గూర్చి ముచ్చటింతము.

1931లో నిజాంసాగరము పూర్తి యయ్యెను. కాలువనీటితో చెఱకు పెరిగెను. 1937లో శక్కర్‌నగరున చక్కెర కర్మాగారము వెలసి, 2015లో మూతపడెను. చెఱకు ఉన్నచోట ఎలుక, ఎలుక ఉన్నచోట పిల్లి. గండుపిల్లులు రాత్రి కలియబడినచో కోఱగాటు పైన మూసికొని, కొలదిదినములలో లోపల చీము పట్టును. మా యింట పసుపు అద్దెడివారు. పిల్లి దానిని నాకివేసెడిది.

సుశ్రుతుడు వ్రణమునకు 60 ఉపక్రమములను చెప్పెను. చెడురక్తమును వెడలించుట వానిలో నొకటి. జలగలు 12 విధములనియు, అందు 6 విషము గలవనియు, 6 నిర్విషములనియు వివరించెను. పట్టినచోట నొప్పియు దురదయు పుట్టినచో జలగ మంచిరక్తమును త్రాగుచున్నదని యెఱిగి తీసివేయుమనెను. దేహమునకు రక్తమే మూలము, దానిని యత్నముతో కాపాడవలెనని చెప్పినవాడును ఆయనయే. మొదటిమాటను పట్టుకొని రెండవదానిని మఱచువారే యెక్కువ.

ఆ రెండవమాట బలము పాశ్చాత్యుల పరిశోధనవలన విశదమయ్యెను. 1882లో ఇటలీ వైద్యుడు బిజ్జొజెరో, ఎఱ్ఱకణములు తెల్లకణములు గాక, రక్తమున సన్నని బిళ్లలవంటి కణికలు గలవనియు, గాయముచోట అవి గుమిగూడి రక్తమును నిలుపుననియు చూపెను. 1974లో అమెరికాలో రాస్ మొదలగువారు ఆ కణికలు ఇతరకణములను వృద్ధిపొందించు ద్రవ్యమును విడుచునని కనుగొనిరి. గండిని పూడ్చెడి కూలియే మేస్త్రీని గూడ పిలుచుకొని వచ్చునన్నమాట!

నేటి పశువైద్యులు పిల్లి రక్తమునే కొంత తీసి, గడ్డకట్టని మందు కలిపి, యంత్రమున గిఱ్ఱున త్రిప్పుదురు. ఎఱ్ఱకణములు అడుగున దిగును. పైన తేలిన పసుపువన్నె ద్రవమున కణికలు మిగులును. దానికి కాల్షియము చేర్చిన జిగురువలె పేరుకొనును. దానిని పుండుపై నుంచుదురు. పిల్లులలో ఏ, బీ, ఏబీ అను రక్తవర్గములు గలవు. బీ వర్గపుపిల్లికి ఏ వర్గపురక్త మెక్కించిన ప్రాణాపాయము. తన రక్తమే తనకైనచో ఆ చిక్కు లేదు. అయినను నాలుగు కిలోల పిల్లి దేహమున నుండునది సుమారు పావులీటరు రక్తమే. కొలది మిల్లీలీటర్లతో సరిపెట్టవలెను. పిల్లులపై జరిగిన పరీక్షలు ఇంకను స్వల్పములు గనుక దీనిని సర్వరోగనివారిణిగ అమ్మజూపువారి మాట నేను నమ్మను. చీము పట్టిన గాయమును ముందుగ కోసి కడుగక తప్పదు. ఆ భేదన శోధనములను సుశ్రుతుడు తన 60లో చేర్చియే యున్నాడు.