బడిబాట

తెలంగాణలో ప్రభుత్వ బడుల్లో పిల్లల్ని చేర్పించడానికి ఏటా జూన్‌లో జరిగే ప్రచార కార్యక్రమం. పూర్తి పేరు ప్రొఫెసర్ జయశంకర్ బడిబాట. 2025లో జూన్ 6 నుంచి 19 వరకు సాగింది.

ప్రైవేటు బడికి కూడళ్లలో ఫ్లెక్సీలు, పత్రికల్లో ప్రకటనలు, ఊరూరా తిరిగే పసుపు బస్సులు ఉంటాయి. సర్కారు బడి తరఫున మాట్లాడేది పంతులే. జనం కూలికి పోకముందే, పొద్దున్నే ఇంటింటికీ వెళ్తారు. చేతిలోని కరపత్రంలో ఉచిత పాఠ్యపుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం, 2022-23 నుంచి మొదలైన ఇంగ్లిష్ మీడియం, పదో తరగతి ఫలితాలు ఉంటాయి. ర్యాలీలు, గ్రామసభలు, సామూహిక అక్షరాభ్యాసాలూ ఇందులో భాగమే.

నల్లగొండ జిల్లా దేవరకొండ తండాల్లో, పాలమూరులోని కోస్గి, మద్దూరు ప్రాంతాల్లో ఈ పని బరువైనది. పనులు వెతుక్కుంటూ ముంబై, పుణె, హైదరాబాద్ పోయిన కుటుంబాలు చాలావరకు వానలకు ముందే తిరిగొస్తాయి. బడిబాట సరిగ్గా అప్పుడే రావడం మేలే. అయితే తల్లి అడిగేది ఒకటే: "మళ్ల మేం పోతే పిల్లను ఎవరు చూస్తరు?" కరపత్రం కన్నా ఈ ప్రశ్నకు చెప్పే జవాబే ముఖ్యం. వలస కాలపు హాస్టళ్లు, చదువు మానేసిన ఆడపిల్లలకు ఆరో తరగతి నుంచి వసతితో నడిచే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల సంగతి పంతుళ్లు అక్కడే, గడపలోనే చెబుతారు.