నందిమండలంలో నీటి మట్టం: కోనేరు, కాలువ, జలాశయం

సప్తసంతానాలలో దేవాలయాన్ని, తటాకాన్ని మన పూర్వులు ఒకే వరుసలో నిలిపారు. గుడి కట్టించిన దాతకు, చెరువు త్రవ్వించిన దాతకు సమానమైన కీర్తిని కల్పించారు. అయినా జీర్ణోద్ధరణ అనగానే మన చూపు విమానగోపురం మీదికి, ధ్వజస్తంభం మీదికి పోతుంది. నీరు వచ్చే దారినీ, పోయే దారినీ తలచేవారు తక్కువ. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల ఆలయాల చరిత్రలో ఆ రెండు దారులకూ పెద్ద స్థానమే ఉన్నందున, ఈ కుంభాభిషేక సంచికలో వాటిని గురించి నాలుగు మాటలు వ్రాయడం ఉచితమని తోచింది.

నల్లమల పాదంలో వెలసిన నవనందులలో మహానంది క్షేత్రం జలసమృద్ధికి ప్రసిద్ధం. నంద్యాలకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని ఈ క్షేత్రంలో స్వామివారి లింగం అడుగు నుండి ఉబికే ఊట, ప్రాంగణంలోని రుద్రగుండంలోనికి చేరుతుంది. వెలుపల బ్రహ్మ, విష్ణు గుండాలున్నాయి. ప్రధానమైన కోనేరు ప్రక్కకు 60 అడుగుల చతురస్రం, మధ్యలో మంటపం. అందులో నీటి లోతు ఏ ఋతువులోనైనా అయిదు అడుగులే. అడుగున పడిన నాణెం కూడా పైకి స్పష్టంగా కనబడేంత తేట.

ఈ అయిదు అడుగుల మర్మం భక్తులకు దైవలీల. శిల్పి దృష్టితో చూచినా దానికి చేతులు జోడించవలసిందే. కోనేటి నుండి నీరు వెలువడే ద్వారం అంచు ఏ ఎత్తున ఉన్నదో, లోపలి మట్టం దానినే అనుసరిస్తుంది. ఊట ఎంత వస్తున్నదో అంతే బయటికి పోతుంది. తలుపు దించేవాడు, ఎత్తేవాడు అక్కరలేదు. ఆ అంచును జానెడు దించితే స్నానానికి లోతు చాలదు. జానెడు పెంచితే నీరు మెట్లెక్కుతుంది. మూసివేస్తే ప్రాంగణమే మునుగుతుంది. నిత్యం కదులుతున్నందువల్లనే ఇన్నివేలమంది స్నానం చేసినా ఆ నీరు మలినపడదు. వెలుపలికి వచ్చిన ప్రవాహం దాదాపు 2,000 ఎకరాల వరి మళ్లకు, అరటి తోటలకు పారుతుందని ప్రసిద్ధి. స్వామి తన కోనేటికి అయిదు అడుగులు మాత్రమే ఉంచుకొని, తక్కినదంతా దిగువ రైతుకు వదలుతున్నాడన్నమాట.

అయితే ఊట లెక్క వేరు, కొండవాగు లెక్క వేరు. 2019 సెప్టెంబరులో కుండపోత వర్షాలకు నల్లమల వాగులు పొంగి ఆలయ ప్రాంగణాన్ని ముంచెత్తాయి. కోనేరు ఎక్కడ, ప్రాంగణం ఎక్కడ అని గుర్తు పట్టరానంతగా నీరు నిలిచింది. దర్శనాలు ఆపవలసి వచ్చింది. ఊటనీటికి సరిపోయే ద్వారం వరదకు సరిపోదు. ఏ ఆలయంలో నిర్మాణం తలపెట్టినా, పై నుండి వచ్చే వాగుకు ప్రక్కనుండి దారి మిగిల్చారా అని స్థపతిని అడిగి తెలుసుకోవడం దాతలకు తగిన పని అని నా అభిప్రాయం.

నల్లమల దాటి ఆగ్నేయంగా పోతే కడప జిల్లాలో పోరుమామిళ్ల ఉన్నది. అక్కడి భైరవాలయం ముందు నిలిపిన శాసనం క్రీ.శ. 1369 నాటిది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఉదయగిరి రాజ్యాన్ని ఏలుతూ అనంతరాజసాగరమనే చెరువును నిర్మించిన వృత్తాంతాన్ని అది చెబుతుంది. రోజుకు వేయిమంది కూలీలు, రాయి తోలడానికి నూరు బండ్లు, రెండేండ్ల శ్రమ! శాసనాలు సాధారణంగా దాత వంశాన్ని, దాన వివరాన్ని చెప్పి ఊరుకుంటాయి. ఈ శాసనం మాత్రం మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువుకు ఉండరాని ఆరు దోషాలను వివరించింది. జలశాస్త్రం తెలిసిన విద్వాంసుడు, గట్టి నేల, తీయని నీటి నది, పొడవు మరీ ఎక్కువకాని రాతికట్ట, నైపుణ్యంగల పనివారు అంగాలలోనివి. కట్ట నుండి నీరు కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు నడుమ మెరక రావడం, కొద్ది నీటికి విస్తారమైన భూమి ఉండడం, కొద్ది భూమికి నీరు అధికమవడం దోషాలు.

రెండు రాజ్యాల సరిహద్దును దోషంగా లెక్కించిన ఆ పండితుని లోకజ్ఞానానికి ఆశ్చర్యం కలుగుతుంది. కృష్ణా జలాల తగాదాలను చూస్తున్న మనకు ఆ మాటకు వ్యాఖ్యానం అక్కరలేదు.

కడపటి రెండు దోషాలను పందొమ్మిదవ శతాబ్దంలో మన ప్రాంతమే అనుభవించింది. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1860లలో సుంకేసుల వద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కర్నూలు నుండి నంద్యాల మీదుగా కడప వరకు 190 మైళ్ల కాలువ త్రవ్వింది. మన పెద్దలు నోరారా పిలిచే కె.సి. కాలువ ఇదే. సేద్యంతో పాటు పడవల రాకపోకలకు కూడా దీనిని ఉద్దేశించారు. చిక్కంతా అక్కడే. పడవకు నిలకడైన మట్టం కావాలి. పైరుకు పారే నీరు కావాలి. అందుకే దారి పొడవునా లాకులు కట్టి నీటిని మెట్లు మెట్లుగా నిలపవలసి వచ్చింది. పైగా మన నల్లరేగడిలో మెట్టపైర్లకు అలవాటు పడిన రైతులు కాలువనీటికి వెంటనే ముందుకు రాలేదు. నీరున్నా భూమి చేరలేదు. కంపెనీకి ఆదాయం రాలేదు. చివరకు 1882లో ప్రభుత్వం దానిని కొనుగోలు చేసింది. కాలక్రమాన పడవలు పోయాయి, వరి వచ్చింది. తరువాతి తరాల కష్టం నీరు చాలకపోవడమే.

ఇక శ్రీశైలం. 1963లో శంకుస్థాపన జరిగిన ఈ ఆనకట్ట వెనుక జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. మునిగే గ్రామాల నుండి పురావస్తు శాఖ అనేక ఆలయాలను రాయి రాయిగా విప్పి తరలించింది. కూడవెల్లి సంగమేశ్వరుడు అలంపురానికి, రూపాల సంగమేశ్వరుడు కర్నూలు సమీపాన జగన్నాథగట్టుకు చేరారు. కాని ప్రస్తుత నంద్యాల జిల్లాలోని సప్తనదీ సంగమేశ్వరాలయం అక్కడే ఉండిపోయింది. ధర్మరాజు ప్రతిష్ఠగా చెప్పుకొనే వేపదారు లింగం ఆ నీటిలోనే నిలిచింది. కలిసే ఏడు నదులలో భవనాశి ఒకటి. అహోబిలంలో పారే భవనాశిని వేరు. పేర్లు కలిసినందున కొందరు పొరపడుతుంటారు.

1980ల ఆరంభంలో మునిగిన ఆలయం 2003లో మళ్లీ వెలుగు చూచింది. అప్పటి నుండి జలాశయం బాగా తగ్గిన వేసవులలో దర్శనం లభిస్తున్నది. మట్టం 840 అడుగుల పరిసరాలకు దిగితే గాని ప్రాంగణం బయటపడదు. ఇక్కడొక విచిత్రం ఉన్నది. మన కాలువలకు నీరందించే పోతిరెడ్డిపాడు తూముల గడప కూడా ఇంచుమించు 841 అడుగుల వద్దనే ఉన్నది. అంటే సంగమేశ్వరుడు పూర్తిగా దర్శనమిచ్చే రోజులలో పోతిరెడ్డిపాడుకు నీరు అందదు. ఈ కారణం వల్లనే జలాశయంలో కనీసం 834 అడుగులు చాలునన్న 1996 నాటి ఉత్తర్వును మార్చి, 2004లో 854 అడుగులుగా నిర్ణయించారు. ఆ ఇరవై అడుగుల కోసం రాయలసీమ ఎంత పోరాడిందో పెద్దలకు తెలుసు. అటు విద్యుత్తుకు, సాగరు ఆయకట్టుకు నీరు దిగువకు వదలవలసిన అవసరమూ కాదనలేనిదే.

నిండుగా ఉంచడంలోనూ అపాయమున్నది. 2009 అక్టోబరు మొదటి వారంలో సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి మట్టం 896 అడుగులకు చేరింది. కర్నూలు నగరం మునిగింది. ముందుగానే కొంత ఖాళీ చేసి ఉంచవలసిందని అప్పుడు గట్టి విమర్శలు వచ్చాయి. నిజమే కావచ్చు. కాని ఆ వరద రాకపోయి ఉంటే, నీటిని వృథాగా సముద్రం పాలు చేశారని అదే అధికారులను నిందించి ఉండేవారు.

వర్షాకాలంలో కృష్ణమ్మ ఎగువ నుండి పొంగి వస్తుంది. నీరు మొదట సంగమేశ్వరుని ప్రాంగణంలో అడుగుపెడుతుంది, తరువాత గర్భాలయంలోకి చేరుతుంది. చివరకు శిఖరం మాత్రమే మిగిలినప్పుడు అర్చకులు పడవలో వెళ్లి దానికి పూజ జరుపుతారు. ఆ సరికి పోతిరెడ్డిపాడు తూములు తెరచుకుంటాయి. నీరు బానకచర్ల చేరి, ఒక పాయగా శ్రీశైలం కుడి కాలువకు, ఒక పాయగా వెలుగోడు జలాశయం మీదుగా తెలుగుగంగకు, నిప్పులవాగు గుండా మన కె.సి. కాలువకు మళ్లుతుంది. నంద్యాల, ఆళ్లగడ్డ రైతులు నారుమడులకు సిద్ధమయ్యేది అప్పుడే.