పాత యూనిక్స్ వర్క్‌స్టేషన్ల సేకరణ, పునరుద్ధరణ

ఇంజనీర్లు, శాస్త్రవేత్తలు, సినిమా యానిమేటర్లు 1980ల నుంచి 2000ల మొదటి సగం దాకా వాడిన యూనిక్స్ వర్క్‌స్టేషన్లను వెతికి తెచ్చి, బాగుచేసి, ఆ నాటి సాఫ్ట్‌వేర్‌తోనే మళ్లీ నడిపించే అభిరుచి ఇది. సన్, సిలికాన్ గ్రాఫిక్స్, నెక్స్ట్, డెక్, హెచ్‌పీ, ఐబీఎం, అపోలో, సోనీ సంస్థల యంత్రాలు ఇందులోకి వస్తాయి. పాత నాణెం పెట్టెలో ఉన్నా నాణెమే, తపాలా బిళ్ల ఆల్బమ్‌లో ఉన్నా తపాలా బిళ్లే. వర్క్‌స్టేషన్ సంగతి వేరు. డిస్కు తిరిగి, తెర వెలిగి, లాగిన్ అడిగినప్పుడే అది వర్క్‌స్టేషన్. అందుకే ఈ రంగంలో సేకరణనూ బాగుచేతనూ విడదీయలేం.

పుట్టుక

యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీల చేతుల్లో మొదలైంది. అప్పట్లో ఒక కంప్యూటర్‌ను పదులమంది టెర్మినళ్ల మీద పంచుకునేవారు. ఒక మనిషికి ఒక యంత్రం, దానికి బొమ్మలు గీయగల తెర, పక్క గదిలోని యంత్రంతో మాట్లాడే నెట్‌వర్క్ అన్న ఊహకు 1973లో జిరాక్స్ పరిశోధకులు తయారుచేసిన ఆల్టో రూపం ఇచ్చింది. ఆల్టో యూనిక్స్ యంత్రం కాదు, మార్కెట్లో సరుకుగా అమ్మిందీ కాదు. అయినా తర్వాత వచ్చినవాళ్లందరికీ నమూనా అదే.

ఈ కథలో ఒక తెలుగువాడి పాత్ర కూడా ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి 1980ల తొలినాళ్లలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో సహచరులతో కలిసి ఒక కొలబద్ద ప్రతిపాదించారు. చదువుకునేవాళ్ల, పరిశోధకుల బల్ల మీద ఉండాల్సిన యంత్రానికి కనీసం ఒక మెగాబైటు మెమరీ, పది లక్షల చుక్కల తెర, సెకనుకు పది లక్షల ఆదేశాల వేగం ఉండాలన్నారు. మూడు మిలియన్లు కాబట్టి దానికి ‘త్రీ ఎం’ అని పేరు. ధర పది లక్షల సెంట్లు, అంటే 10,000 డాలర్లు దాటకూడదన్న మాట కూడా దానికి తోడైంది. నాటి వర్క్‌స్టేషన్ కంపెనీలు అందుకోవాలని చూసిన గమ్యం దాదాపు ఇదే.

1980లో మసాచుసెట్స్‌లో అపోలో సంస్థ మొదలైంది. స్టాన్‌ఫర్డ్‌లో విద్యార్థిగా ఉన్న ఆండీ బెక్టల్‌షైమ్ మోటరోలా 68000 చిప్‌తో ఒక బోర్డు తయారుచేశాడు. విశ్వవిద్యాలయపు నెట్‌వర్క్ పేరులోని పొడి అక్షరాలే దాని పేరయ్యాయి: సన్. 1982 ఫిబ్రవరిలో ఆయన, వినోద్ ఖోస్లా, స్కాట్ మెక్‌నీలీ కలిసి సన్ మైక్రోసిస్టమ్స్ స్థాపించారు. బర్క్‌లీలో యూనిక్స్‌ను తీర్చిదిద్దుతున్న బిల్ జాయ్ వాళ్లతో చేరాడు. జిమ్ క్లార్క్ నెలకొల్పిన సిలికాన్ గ్రాఫిక్స్ త్రిపరిమాణ బొమ్మల దారి పట్టింది. సన్ 1987లో సొంత ప్రాసెసర్ స్పార్క్‌కు మారింది. 1989లో వచ్చిన స్పార్క్‌స్టేషన్-1 పలచగా, చదరంగా ఉండేది. జనం దాన్ని ‘పిజ్జా డబ్బా’ అన్నారు. సేకర్తలు ఇప్పటికీ ఆ మాటే వాడతారు.

స్టీవ్ జాబ్స్ ఆపిల్ వదిలాక స్థాపించిన నెక్స్ట్ తన తొలి యంత్రాన్ని 1988 అక్టోబరులో చూపించింది. మెగ్నీషియంతో చేసిన నల్లని ఘనం, అన్ని వైపులా ఒక్కో అడుగు. ధర 6,500 డాలర్లు. అమ్మకాల్లో అది నెగ్గలేదు. సేకర్తల్లో మాత్రం దాని మీద మోజు ఎన్నడూ తగ్గలేదు.

వాటి మీద పుట్టినవి

1990లో టిమ్ బెర్నర్స్-లీ జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయంలో మొదటి వెబ్ బ్రౌజర్‌నూ మొదటి వెబ్ సర్వర్‌నూ నెక్స్ట్ ఘనం మీదే రాశాడు. ఇది సర్వర్, ఆపవద్దు అని ఎర్ర సిరాతో రాసి దానికి అంటించిన చీటీ నేటికీ ఉంది. ఇద్ సాఫ్ట్‌వేర్ వాళ్లు 1993 నాటి ‘డూమ్’ ఆటను నెక్స్ట్ యంత్రాల మీద తయారుచేశారు. అదే ఏడు వచ్చిన ‘జురాసిక్ పార్క్’లో కంప్యూటర్‌తో చేసిన డైనోసార్లకు ప్రాణం పోసింది సిలికాన్ గ్రాఫిక్స్ యంత్రాలు. అందులో పాప కంప్యూటర్ ముందు కూర్చునే సన్నివేశంలో తెర మీద కదిలేది కూడా ఆ సంస్థ సొంత ఫైల్ బ్రౌజరే. 1995లో ‘టాయ్ స్టోరీ’ ఫ్రేములను పిక్సార్ 117 స్పార్క్‌స్టేషన్-20 యంత్రాలతో రెండర్ చేసింది. యంత్రాలు మూలపడ్డా వాటి సాఫ్ట్‌వేర్ వారసత్వం ఆగలేదు. సన్ నుంచి వచ్చిన ఎన్‌ఎఫ్‌ఎస్, జావా, సిలికాన్ గ్రాఫిక్స్ నుంచి వచ్చిన ఓపెన్‌జీఎల్, ఎక్స్‌ఎఫ్‌ఎస్ నేటి సర్వర్లలో, ఫోన్లలో పనిచేస్తూనే ఉన్నాయి. నేటి మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ నెక్స్ట్ యంత్రాల ఆపరేటింగ్ సిస్టమ్ నెక్స్ట్‌స్టెప్ సంతానం.

తుక్కులోకి

1990ల రెండో సగంలో పెంటియం ప్రో, విండోస్ ఎన్‌టీ, లైనక్స్ కలిసి వర్క్‌స్టేషన్ల బేరాన్ని లాక్కున్నాయి. నాలుగో వంతు ధరకే దాదాపు అదే పని జరుగుతుంటే ఏ ప్రయోగశాల మాత్రం పాత దారిన పోతుంది? అపోలోను హెచ్‌పీ 1989లోనే కొనేసింది. నెక్స్ట్‌ను కొంటున్నట్టు ఆపిల్ 1996 డిసెంబరులో ప్రకటించింది. డెక్ 1998లో కాంపాక్‌లో, కాంపాక్ 2002లో హెచ్‌పీలో కలిసిపోయాయి. సిలికాన్ గ్రాఫిక్స్ మిప్స్ ప్రాసెసర్‌తో నడిచే తన యంత్రాల తయారీని 2006 డిసెంబరు 29న ఆపి, 2009లో దివాలా తీసింది. సన్ 2010లో ఒరాకిల్ చేతికి వెళ్లింది.

ఆ ఏళ్లలోనే సేకరణ ఊపందుకుంది. అమెరికా, ఐరోపా విశ్వవిద్యాలయాలు మిగులు సామాను గదులు ఖాళీ చేశాయి. డాట్‌కామ్ కూలినప్పుడు మూతపడ్డ కంపెనీల సామాను వేలానికి వచ్చింది. తాము చదువుకునే రోజుల్లో ల్యాబ్‌లో వంతు కోసం కాచుకున్న యంత్రాన్ని చాలామంది అప్పుడే మొదటిసారి సొంతం చేసుకోగలిగారు. తొలి తరం సేకర్తలు ఎక్కువగా వాళ్లే.

బాగుచేత

ఈ యంత్రాల చావు సాధారణంగా చిన్న భాగంతో మొదలవుతుంది. సన్ యంత్రాల్లోని గడియారపు చిప్ అందుకు మంచి ఉదాహరణ. సన్-4, స్పార్క్‌స్టేషన్ తొలి నమూనాల్లో దాని పేరు ఎం48టి02. ఇరవైనాలుగు కాళ్లు, రెండు కిలోబైట్ల మెమరీ, నెత్తిన టోపీలాంటి నల్లని మూత. ఆ మూతలో స్ఫటికంతో పాటు ఒక లిథియం బ్యాటరీ ఉంటుంది. యంత్రపు ఈథర్‌నెట్ చిరునామా, హోస్ట్ ఐడీ ఈ చిప్‌లోనే ఉంటాయి. బ్యాటరీ సుమారు పదేళ్లు నిలుస్తుంది. అది అయిపోయాక స్విచ్ వేస్తే గుర్తింపు సమాచారం చెల్లదని తెర మీద ఒక వరుస కనిపిస్తుంది. యంత్రం తన పేరు మరిచిపోయింది. నెట్‌వర్క్ నుంచి బూట్ కాదు. ఆ హోస్ట్ ఐడీకి ముడిపెట్టి లైసెన్సు ఇచ్చిన సాఫ్ట్‌వేర్ తలుపు తీయదు.

మందు రెండు రకాలు. ఒకటి కొత్త చిప్ వేయడం. కానీ పాత సరుకునే కొత్తదని అమ్మేవాళ్లకు కొదవ లేదు. రెండోది సేకర్తల సొంత పద్ధతి. చిప్‌ను సాకెట్ నుంచి ఊడదీసి, బ్యాటరీ ఉన్న వైపు మూతను సన్నని రంపపు బ్లేడుతో మెల్లగా కోస్తారు. లోపల బ్యాటరీకి వెళ్లే రెండు లోహపు పట్టీలు బయటపడతాయి. ఆ పట్టీలను పాత సెల్ నుంచి తెగ్గొట్టి, వాటికి రెండు తీగలు టంకం పెట్టి, మూడు వోల్టుల కాయిన్ సెల్ పట్టే హోల్డర్ తగిలిస్తారు. ఇక ముందు సెల్ అయిపోతే గోడ గడియారానికి మార్చినంత తేలిక. తర్వాత కీబోర్డు మీద స్టాప్, ఏ మీటలు కలిపి నొక్కితే ‘ఓకే’ అని ప్రాంప్ట్ వస్తుంది. యంత్రపు రోమ్‌లో కాపురముండే ఓపెన్‌బూట్ అది, ఫోర్త్ భాషలో మాట్లాడుతుంది. అక్కడ ‘ఎంకేపీ’ అనే ఆదేశంతో యంత్రం రకం, 08:00:20తో మొదలయ్యే ఈథర్‌నెట్ చిరునామా, హోస్ట్ ఐడీ ఒక్కో బైటుగా ఎక్కించి, చివరికి సరిచూపు బైటు రాయాలి. అది తప్పితే పని మొదటికొస్తుంది. సరిపోతే ఈసారి బ్యానర్‌లో చిరునామా సరిగా కనిపిస్తుంది.

కెపాసిటర్ల బెడద ఇంకా విస్తారం. 1980ల చివర, 1990ల మొదట్లో వాడిన చిన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు కాలం గడిచేకొద్దీ కారతాయి. ఆ ద్రవం బోర్డు మీది రాగి గీతలను తినేస్తుంది, పచ్చని చిలుము పడుతుంది. టంకం కడ్డీ వేడి తగిలితే ఘాటైన వాసన వస్తుంది. ఆలస్యమైతే గీతలే తెగి, ఒక్కోదానికీ సన్నని తీగతో వంతెన వేయాల్సి వస్తుంది. అందుకే పాత యంత్రం ఇంటికి వచ్చిన రోజే స్విచ్ వేయడం అనుభవమున్నవాళ్లు చేయరు. ముందు మూత తీసి చూస్తారు. పవర్ సప్లై విప్పేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి, ప్లగ్ తీసినా అందులో ప్రమాదకరమైన వోల్టేజీ కొంతసేపు నిలిచి ఉంటుంది.

తెర సమస్య వేరు. చాలా వర్క్‌స్టేషన్లకు 13డబ్ల్యు3 అనే కనెక్టరు ఉంటుంది, మూడు లావు గొట్టాలు, పది పిన్నులు. ఆకారం ఒకటే అయినా పిన్నుల అమరిక ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. పైగా చాలా యంత్రాలు సమకాల సంకేతాన్ని ఆకుపచ్చ రంగుతో కలిపి పంపుతాయి. దాన్ని అర్థం చేసుకోలేని మానిటర్ నల్లగా ఉండిపోతుంది, కొత్తవాళ్లు యంత్రమే పోయిందనుకుంటారు. సీడీ డ్రైవుల్లో కూడా ఇలాంటి చిక్కే. మామూలు డ్రైవు 2,048 బైట్ల దిమ్మలుగా చదువుతుంది, సన్ యంత్రం బూట్ కావడానికి 512 బైట్ల దిమ్మలు అడుగుతుంది.

హార్డ్‌డిస్కుల్లో కందెన గట్టిపడి హెడ్లు పళ్లేనికి అతుక్కుపోతాయి. వాటి బదులు మెమరీ కార్డునే స్కజ్జీ (ఈ యంత్రాలు డిస్కులను కలుపుకునే పద్ధతి) డిస్కుగా చూపించే స్కజ్జీ2ఎస్‌డీ, బ్లూస్కజ్జీ వంటి పలకలు ఇప్పుడు దొరుకుతున్నాయి. చప్పుడు, వేడి, విద్యుత్తు అన్నీ తగ్గుతాయి. డిస్కు గిర్రున వేగం అందుకునే ఆ ధ్వని లేకపోతే వెలితి అని అసలు డిస్కునే ఉంచేవాళ్లూ ఉన్నారు. నడిచే యంత్రం కోసం కొత్త పలక వేయడం సరైనదే, కానీ తీసిన పాత డిస్కును పారేయకూడదు.

సాఫ్ట్‌వేర్

లోహం కన్నా సాఫ్ట్‌వేర్‌ను కాపాడటమే కష్టం. సన్ 2005లో తన ఆపరేటింగ్ సిస్టమ్ సొలారిస్‌లో చాలా భాగాన్ని ఓపెన్‌సొలారిస్‌గా బహిరంగపరిచింది. సిలికాన్ గ్రాఫిక్స్ వారి ఐరిక్స్‌కు ఆ భాగ్యం దక్కలేదు. దాని చివరి విడుదల 6.5.30 వచ్చింది 2006లో. దాన్ని అప్పటి సీడీల నుంచి ఎక్కించుకోవాల్సిందే. ఆ సీడీల ప్రతులు తీసి దాచినవాళ్లు ఎక్కువగా అభిమానులే. కొత్త సాఫ్ట్‌వేర్ కావాలనుకునేవాళ్లకు నెట్‌బీఎస్‌డీ ఉంది. 1993లో మొదలైన ఈ ఉచిత యూనిక్స్ సన్-3 నుంచి డెక్‌స్టేషన్ దాకా మూలపడ్డ యంత్రాలెన్నిటి మీదనో నడుస్తుంది. యంత్రం దొరకనివాళ్ల కోసం ఎమ్యులేటర్లు వచ్చాయి. ‘ప్రీవియస్’ నెక్స్ట్‌ను, క్యూఈఎంయూ కొన్ని స్పార్క్ యంత్రాలను అనుకరిస్తాయి. ఇవి సరిగా రావడానికి అసలు యంత్రం పక్కన పెట్టుకుని పోల్చి చూసినవాళ్లే కారణం.

ఎక్కడ మిగిలాయి

కాలిఫోర్నియా మౌంటెన్ వ్యూలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం, కేంబ్రిడ్జ్‌లోని సెంటర్ ఫర్ కంప్యూటింగ్ హిస్టరీ వంటివి ఇలాంటి యంత్రాలను భద్రపరుస్తున్నాయి. కానీ సంస్థలకూ ఆయుష్షు ఉంటుంది. మైక్రోసాఫ్ట్ సహస్థాపకుడు పాల్ ఆలెన్ సియాటిల్‌లో నెలకొల్పిన లివింగ్ కంప్యూటర్స్ మ్యూజియంలో సందర్శకులు పాత యంత్రాల ముందు కూర్చుని వాడుకోగలిగేవారు. ఆలెన్ 2018లో మరణించాడు. మ్యూజియం 2020లో మూతపడింది, మళ్లీ తెరవబోవడం లేదని 2024లో తేలింది. అదే ఏడు అందులోని వస్తువులు కొన్ని క్రిస్టీస్ వేలానికి వెళ్లాయి. ఇళ్లలో, గ్యారేజీల్లో చెదిరి ఉన్న సేకరణలు ఎంత విలువైనవో ఆ వేలం చూపించింది.

మన దేశంలో ఇ-వ్యర్థాల నిబంధనలు 2012 మే నుంచి అమల్లో ఉన్నాయి. పెద్ద సంస్థలు పాత కంప్యూటర్లను అనుమతి ఉన్న రీసైక్లర్లకే అప్పగించాలి. పర్యావరణానికి అది మేలే. కానీ ఆ దారిలో వెళ్లిన యంత్రం తిరిగి రాదు. కాబట్టి ఏ కళాశాల, ఏ పరిశోధనాలయం సామాను గదిలోనైనా సన్, సిలికాన్ గ్రాఫిక్స్, డెక్ పేరున్న పెట్టె కనిపిస్తే, ట్రక్కు రాకముందే తెలిసినవాళ్ల చేత మూత తీయించి లోపల చూపించండి. పెట్టె వెనుకా చిప్‌ల మీదా ఉన్న చీటీలన్నీ ఫోటో తీయండి. సన్ యంత్రం వెలిగితే మొదటి తెర మీద కనిపించే ఈథర్‌నెట్ చిరునామా, హోస్ట్ ఐడీ కాగితం మీద రాసుకోండి. బ్యాటరీ పోయిన రోజున ఆ యంత్రాన్ని మళ్లీ అదే యంత్రంగా నిలబెట్టడానికి కావలసినవి ఆ రెండు అంకెలే.