విజయనగరం గానపాఠశాల ఎవరిని తయారుచేసింది?

విజయనగరం సంగీత కళాశాల గొప్పతనం చెప్పమంటే ఎవరైనా ముందు పేర్లే చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామినాయుడు, ఘంటసాల వెంకటేశ్వరరావు, పి.సుశీల, నేదునూరి కృష్ణమూర్తి. ఒక చిన్న ఊళ్లోని ఒక్క బడికి ఇన్ని పేర్లు దక్కడం మామూలు విషయం కాదు. కానీ పేర్ల వరుస చదివి ఊరుకుంటే అసలు ప్రశ్న మిగిలిపోతుంది. వీళ్లు బడి వల్ల గొప్పవాళ్లయ్యారా, గొప్పవాళ్లు కాబట్టి బడికి పేరొచ్చిందా? నేను పరిశీలించినంతలో రెండూ సగం నిజాలే. ఆ పాఠశాల చేసిన పెద్ద పని గాయకుణ్ణి పుట్టించడం కాదు, సంగీతం చెప్పేవాడికి నెల జీతమూ నిలకడైన చోటూ ఇవ్వడం. ఆంధ్రదేశంలో కర్ణాటక సంగీతం రాజాస్థానాల కాలం దాటి రేడియో, సినిమా, ప్రభుత్వ కళాశాలల కాలంలోకి తెగిపోకుండా వచ్చిందంటే అందుకు ఈ ఏర్పాటు ఒక ముఖ్య కారణం. సినీ గాయకుల వెలుగులో ఈ విషయం మరుగున పడింది.

పాఠశాల రాకముందు విజయనగరంలో విద్వాంసులకు కొదవ లేదు. మహారాజు ఆనందగజపతి కొలువులో సంగీతమూ సాహిత్యమూ రెండూ వెలిగాయి. వీణ వెంకటరమణదాసు ఆస్థాన వైణికుడిగా పేరు మోశారు. బొబ్బిలి దగ్గర అజ్జాడలో 1864లో పుట్టిన నారాయణదాసు, మద్రాసు నుంచి వచ్చిన కుప్పుస్వామినాయుడి హరికథ విని తానూ ఆ దారి పట్టి, 1883లో ఇదే ఊళ్లో తొలి కథ చెప్పారు. కానీ ఆస్థానం విద్వాంసుణ్ణి పోషిస్తుందే తప్ప విద్యార్థిని పోషించదు. విద్వాంసుడి ఇంట్లో పిల్లలో, చుట్టాలో, ఆయన ఇష్టపడి చేరదీసిన ఒకరిద్దరో నేర్చుకునేవారు. ప్రభువు పోతే, లేదా ఆయన అభిరుచి మారితే, ఆ కొలువు ఉంటుందన్న నమ్మకం లేదు. 1919 ఫిబ్రవరి 5న విజయరామ గజపతిరాజు విజయరామ గానపాఠశాలను నెలకొల్పినప్పుడు మారింది ఇదే. సంస్థాన ఉద్యోగి ఒకరి కొడుక్కి చూపు లేదని, అతనికి సంగీతం చెప్పించే ఆలోచనే పాఠశాలగా పెరిగిందని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. మూలకారణం ఏదైనా, స్థాపించిన మూడేళ్లకే, 1922లో, ఆ రాజు కన్నుమూశారు. బడి మాత్రం మూతపడలేదు. దక్షిణాదిలో పేరుపొందిన చిదంబరం సంగీత కళాశాలను అన్నామలై చెట్టియార్ మొదలుపెట్టింది 1929లో. అప్పటికే విజయనగరం బడికి పదేళ్లు.

మొదటి ప్రిన్సిపాల్‌గా నారాయణదాసును నియమించడం చూస్తే, ఇది ఒక్క గాత్రానికో వాద్యానికో కట్టుబడిన బడి కాదని తెలుస్తుంది. పాట, ఆట, మాట మూడూ ఒకే మనిషిలో ఉండాలన్న హరికథకుడు ఆయన. సంస్కృతం, పారశీకం, అచ్చతెలుగు తెలిసిన పండితుడు. ఆయన పక్కన వయొలిన్ ఆచార్యుడిగా వచ్చిన వెంకటస్వామినాయుడికి అప్పుడు పాతికేళ్లే. బెంగళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగి, చూపు మందగించి బడి చదువు మానుకుని, అన్నగారి దగ్గర వయొలిన్ నేర్చుకున్న యువకుడు. విద్యార్థిగా చేరదామని వస్తే వాయింపు విని అధ్యాపకుడిగా తీసుకున్నారన్న కథ చాలా ప్రసిద్ధం. ఆ కథకన్నా నాకు ముఖ్యమనిపించేది తర్వాతి కాలం. ఆయన 1919 నుంచి ఆచార్యుడు, 1936 నుంచి ప్రిన్సిపాల్. అప్పట్లో వయొలిన్ అంటే గాయకుడి వెనక నడిచే వాద్యం. దాని మీద బతికేవాడు గాయకులు పిలిస్తేనే వెళ్లాలి, వాళ్ల బాణీకి ఒదగాలి. నాయుడుగారు వయొలిన్‌ను సొంతంగా కచేరీ చేసే వాద్యంగా నిలబెట్టారు. ప్రతిభ లేకుండా అది జరగదు, నిజమే. కానీ ఏ గాయకుడి పిలుపుకోసమూ ఎదురుచూడక్కర్లేని నెలజీతం, రోజూ గంటల తరబడి సాధనకూ బోధనకూ దొరికిన చోటు లేకుండా ఆ ప్రయోగం అంత నిబ్బరంగా సాగేదని నేను అనుకోను. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చేనాటికి ఆయన ఇరవై రెండేళ్లుగా విజయనగరం ఉపాధ్యాయుడు.

ఇక్కడొక అభ్యంతరం వస్తుంది. ఘంటసాలను తయారుచేసింది కళాశాల కాదు, పట్రాయని సీతారామశాస్త్రి అంటారు. కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టిన ఆ కుర్రాడు సంగీతం కోసం విజయనగరం వచ్చి, జోలె కట్టుకుని ఇంటింటా మధూకరం ఎత్తి, సీతారామశాస్త్రిగారి దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. ఆయన ఒక్క కాసు తీసుకోలేదు. తిండి పెట్టింది ఊరు, విద్య పెట్టింది గురువు, మరి కళాశాల వాటా ఎంత? ఈ వాదంలో బలముంది. అయితే సీతారామశాస్త్రి విజయనగరంలో ఎందుకున్నారో కూడా చూడాలి. ఆయనది సాలూరు. తండ్రి నరసింహశాస్త్రి సాలూరు పెదగురువుగారు, ఈయన చినగురువుగారు. సాలూరులో కుటుంబ విద్యగా ఉన్నదాన్ని విజయనగరానికి రప్పించింది కళాశాలలో గాత్ర అధ్యాపకుడి ఉద్యోగమే. ఎక్కడో గుడివాడ తాలూకా కుర్రాడికి సాలూరు చినగురువు పేరు తెలిసే వీలు తక్కువ. విజయనగరంలో సంగీత కళాశాల ఉందన్న సంగతి మాత్రం తెలుస్తుంది. గురువు ఉచితంగా చెప్పగలిగాడంటే అది ఆయన ఔదార్యం. ఆ ఔదార్యం ఆయన కుటుంబాన్ని పస్తుపెట్టకుండా చూసింది జీతం. గురుకులమూ పాఠశాలా ఒకదానికొకటి శత్రువులన్న మాట మనకు అలవాటైపోయింది. విజయనగరంలో పాఠశాల గోడల మధ్యనే గురుకులం బతికింది. ఆ బంధం మద్రాసు దాకా వెళ్లింది కూడా. శ్రీకాకుళం జిల్లా కింతలిలో పుట్టిన సీతారామశాస్త్రి కుమారుడు పట్రాయని సంగీతరావు ఘంటసాలకు సంగీత సహాయకుడై, తర్వాత వెంపటి చినసత్యం కూచిపూడి నృత్యనాటకాలకు స్వరాలు కూర్చారు. ఒక అధ్యాపక ఉద్యోగం ఇటు తెలుగు సినిమా పాటలోకీ అటు కూచిపూడి రంగస్థలం మీదికీ ఎలా పాకిందో చూడండి.

దీనికన్నా గట్టి అభ్యంతరం శ్రీపాద పినాకపాణి. ఆయన 1913లో శ్రీకాకుళం జిల్లా ప్రియాగ్రహారంలో పుట్టారు. చదివింది వైద్యం, ఉద్యోగం వైద్య కళాశాలలో. ఏ సంగీత కళాశాల జీతమూ తీసుకోకుండా, డబ్బు అడక్కుండా, ఇంట్లో కూర్చోబెట్టి చెప్పిన పాఠంతో ఒక తరం ఆంధ్ర గాయకుల బాణీనే మార్చేశారు. నేదునూరి, నూకల చినసత్యనారాయణ, వోలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం అందరూ ఆయన శిష్యులే. సంగీతాన్ని నిలబెట్టేది సంస్థ కాదు, పట్టుదల ఉన్న ఒక్క మనిషి అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. నేను ఈ మాటను తోసిపుచ్చను. కానీ పినాకపాణి ఒడిలోకి వచ్చిన శిష్యుల్లో ఇద్దరి సంగతి చూడాలి. నేదునూరి అప్పటికే విజయనగరం కళాశాలలో ద్వారం నరసింగరావునాయుడి దగ్గర గాత్రమూ వయొలినూ నేర్చుకుని వచ్చినవారు. నూకల కూడా విజయనగరంలో ద్వారం వారి శిక్షణ పొందినవారు. పినాకపాణి చెక్కడానికి ముందే రాయి సిద్ధంగా ఉంది. ఆ తర్వాత ఏమైందన్నది ఇంకా ముఖ్యం. నేదునూరి విజయనగరంతో సహా పలు ప్రభుత్వ సంగీత కళాశాలలకు ప్రిన్సిపాల్ అయ్యారు. నూకల కూడా అదే బాట. విజయనగరం జిల్లా పుష్పగిరిలో పుట్టిన గోపాలరత్నం హైదరాబాదు ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. ఒక డాక్టరుగారి ఇంటి సంగీతం రాష్ట్రమంతటి పాఠం అయ్యిందంటే, దాన్ని మోసుకెళ్లిన కాలువలు రేడియోతో పాటు ఈ కళాశాలలే. ఆ కాలువలకు విజయనగరం తొలి నమూనా.

సంస్థ లేకపోతే ఏమయ్యేదో ఊహించుకోనక్కర్లేదు, పక్కనే ఉదాహరణలున్నాయి. పిఠాపురం ఆస్థానంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రి వీణ విని రవీంద్రనాథ్ టాగూర్ మెచ్చుకున్నారు. అంతటి వైణికుడి పేరు ఇవాళ వీణ వాయించేవాళ్లలోనే ఎందరికి తెలుసు? 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి, ఆస్థాన విద్వాంసులన్న పదవే లేకుండా పోయింది. విజయనగరంలో పోషకుడు పోయినా పాఠశాల ప్రభుత్వ కళాశాలగా నిలిచింది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు ఇప్పటికీ పనస దుంగను తొలిచి వీణ చేస్తున్నాయి. ఆ వీణను ఇంటికి తెచ్చుకునే విద్యార్థి ఉండాలంటే ఎక్కడో వీణ క్లాసు జరుగుతూ ఉండాలి కదా.

మరో ఉదాహరణ విజయనగరంలోని నాటకం. మహారాజా కళాశాలలో చదివి అక్కడే పాఠం చెప్పిన గురజాడ అప్పారావు రాసిన కన్యాశుల్కాన్ని 1892లో జగన్నాథ విలాసినీ సభ విజయనగరంలోనే ఆడింది. తెలుగు నాటకంలో అంతకు మించిన పుట్టుక లేదు. కానీ నటన నేర్పే బడి, నటుడికి జీతమిచ్చే కొలువు ఏదీ దానికి తోడు రాలేదు. అరవై ఏళ్ల తర్వాత శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారం నుంచి వచ్చిన కుటుంబంలోని జె.వి.సోమయాజులు, జె.వి.రమణమూర్తి సోదరులు ఆ నాటకాన్ని మళ్లీ భుజానికెత్తుకుని ఊరూరా ఆడారు. సోమయాజులు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. ఆఫీసు పని అయ్యాక రామప్పపంతులు వేషం. అభిమానించవలసిన దీక్ష అది, తలవంచి నమస్కరిస్తాను. కానీ సంగీతానికి దక్కినట్టు నాటకానికీ ఒక జీతం, ఒక క్లాసు గది, వరుసగా వచ్చే విద్యార్థులూ దక్కి ఉంటే, గిరీశం వేషం ఎలా వేయాలో ఒక తరం మరో తరానికి కూర్చోబెట్టి చెప్పే సంప్రదాయం ఇక్కడ ఉండేది.

ఇంత చెప్పాక కళాశాల లోట్లు కూడా చెప్పాలి. ద్వారం ఇంటిపేరు అధ్యాపకుల్లో పదేపదే కనిపిస్తుంది: వెంకటస్వామినాయుడు, నరసింగరావునాయుడు, భావనారాయణరావు. సంస్థ పేరుతో ఇదీ కుటుంబ విద్యగానే నడిచిందని ఎవరైనా అంటే పూర్తిగా కాదనలేం. నా జవాబు ఒక్కటే. కుటుంబం అధ్యాపకుల వైపు ఉంది, విద్యార్థుల వైపు తలుపు తెరిచే ఉంది. కృష్ణా జిల్లా ఘంటసాల, పిఠాపురం ప్రాంతపు నేదునూరి ఆ తలుపులోంచే వచ్చారు. విజయనగరంలో పుట్టిన సుశీల ఇక్కడే డిప్లొమా చేసి వెళ్లి, జాతీయ చలనచిత్ర అవార్డుల్లో ఉత్తమ నేపథ్య గాయని పురస్కారం మొదలుపెట్టినప్పుడు దాన్ని తొలిగా అందుకున్నారు. ఆడపిల్ల పాట నేర్చుకుని నలుగురిలో పాడితే అనుమానంగా చూసే కాలంలో, ఒక కళాశాల చేతికిచ్చిన పట్టా ఆమెకు ఎంత అండో ఇవాళ మనం సరిగ్గా అంచనా వేయలేం. ఇంట్లో గురువు చెప్పిన విద్య ఎంత గొప్పదైనా ఆ కాగితాన్ని ఇవ్వలేదు.

కుటుంబం కన్నా పెద్ద లోటు ఇంకోటి ఉంది, దీనికి నా దగ్గర సమర్థన లేదు. కళింగాంధ్ర గొంతు కర్ణాటక సంగీతం ఒక్కటే కాదు. గుండెకు తప్పెట కట్టుకుని వలయంగా ఆడే తప్పెటగుళ్లు, జముకుల కథ, రాత్రంతా సాగే తూర్పు భాగవతం ఈ ప్రాంతపు సొంత విద్యలు. వాటి లయ సామాన్యమైనది కాదు. తూర్పు భాగవతంలో మృదంగం వాయించే తీరు చూసినవాళ్లకు ఆ మాట వేరే చెప్పక్కర్లేదు. హరికథకుణ్ణి మొదటి ప్రిన్సిపాల్‌గా పెట్టుకున్న బడి, ఊరి జనం మధ్య నిలబడి కథ చెప్పే ఆ కళాకారులకు ఆచార్య పీఠం ఇవ్వకపోవడం నాకు బాధగానే ఉంటుంది. నారాయణదాసు గజ్జె కట్టి, చిడతలు పట్టి, పామరుడికీ పండితుడికీ ఒకే వేదిక మీద కథ చెప్పారు. ఆయన కుర్చీలో కూర్చున్న బడికి వాళ్లు పరాయివాళ్లు కాకూడదు. జీతమూ, చోటూ, వరుసగా విద్యార్థులూ దొరికితే ఒక విద్య ఎంతదూరం వెళ్తుందో వయొలిన్ విషయంలో 1919 నుంచీ చూశాం. తప్పెటగుళ్ల గురువుకు అదే ఏర్పాటు చేస్తే ఏమవుతుందన్నది ఇంకా ఎవరూ చూడలేదు. చూడాలంటే కొత్త సంస్థ కట్టక్కర్లేదు. ఉన్న కళాశాలలో ఒక అధ్యాపకుడి పోస్టు, వారానికి కొన్ని గంటలు, చెప్పడానికి ఒప్పుకునే ఒక బృందనాయకుడు చాలు.